ఫలితం రాకముందే



మీ చేతి పట్టు తప్పుతోంది. కండ తనంతట తానే అదురుతోంది. పెద్దాసుపత్రి డాక్టరుగారు 'మోటార్ న్యూరాన్ జబ్బు కావచ్చు, కాకపోవచ్చు' అన్నారు. ఈ జబ్బును ఒక్క రక్తపరీక్షతో తేల్చలేరు. కండరంలో సూది గుచ్చి చూడాలి, ఎం.ఆర్.ఐ. తీయాలి, మిగతా జబ్బులు కావని ఒక్కొక్కటే తోసిపుచ్చాలి. ఒక్కోసారి కొన్ని నెలలు ఆగి మళ్లీ చూస్తారు. కండ అదిరినంత మాత్రాన ఇదే జబ్బని కూడా కాదు. ఆ నెలలు గడపడం ఎలా?

'అంతా దేవుని చిత్తం' అంటారు పక్కవారు. (ఆరోగ్యవంతులకు ఆ మాట సులభం!) గెత్సేమని తోటలో ప్రభువు అక్కడ మొదలుపెట్టలేదు. సాధ్యమైతే ఈ పాత్ర తొలగించమని ముందు తండ్రిని అడిగాడు. మూడుసార్లు ప్రార్థించాడు. తనతో మేలుకొని ఉండమని ముగ్గురు శిష్యులను కోరాడు. కనుక మీకు భయం వేస్తే విశ్వాసం పోయినట్లు కాదు. ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి. రాత్రి మీతో మేలుకొనేవారు ఒకరుండాలి.

మరొక మాట. 'జబ్బేమిటో తేలాక గురువుగారిని పిలుద్దాం' అని వాయిదా వేయకండి. వ్యాధిగ్రస్తుల అభ్యంగనం చావు ఘడియకే పరిమితం కాదని రెండవ వాటికన్ మహాసభ 1963లోనే చెప్పింది. 1983 నాటి శ్రీసభ చట్టం 1005వ అధికరణం మరీ స్పష్టం: జబ్బు ప్రాణాపాయమా కాదా అన్న సందేహమున్నా అభ్యంగనం ఇవ్వాలి. వైద్యునికి నిశ్చయం కావాలి, అది న్యాయమే. శ్రీసభకు ఆ సందేహమే చాలు. రేపు ఫలితం మంచిగా వస్తే, తైలం వృథా అయిందని ఏ గురువూ అనడు.

ఈ ఆదివారం పూజ ముగిశాక మీ విచారణ గురువును కలవండి. రిపోర్టులు తీసుకెళ్లనక్కర్లేదు.