పన్ను కట్టే మంత్రగత్తె

2011 జనవరిలో రుమేనియా ప్రభుత్వం మంత్రగత్తెల పనిని వృత్తిగా గుర్తించి, వారి ఆదాయంపై 16 శాతం పన్ను వేసింది. కొందరు ప్రభుత్వాన్ని శపిస్తామన్నారు. ఇంకొందరు తమ విద్యకు గుర్తింపు దొరికిందని సంతోషించారు. పత్రికలకు ఇదొక వింత వార్త.

ఈ పని చేసేవాళ్లలో చాలామంది రోమా స్త్రీలు. 1850ల దాకా అక్కడ బానిసలుగా అమ్ముడుపోయిన జాతి వారిది. నాటి శ్రమకు లెక్క లేదు. నేడు పన్నుతో పాటు ఆరోగ్య, పింఛను నిధులకూ చందా కట్టాలి. కట్టినవాళ్లు వైద్యమూ పింఛనూ అడగగలరు. ఇందుకు రాజ్యం మంత్రాన్ని నమ్మనక్కర్లేదు, మనమూ నమ్మనక్కర్లేదు.

మన పల్లెల్లో చేతబడి నెపంతో చంపిన స్త్రీలకు మంత్రగత్తె అన్న పేరు ఊరు అంటగట్టింది. రుమేనియాలో అదే పేరుతో స్త్రీలు బతుకు వెళ్లదీస్తున్నారు. వారి నమ్మకంతో వాదిద్దాం. శ్రామికులుగా వారి హక్కును మాత్రం కాదనలేం.