ఇంటిలోని తోలు సోఫా – శ్రావక ధర్మము

అహింసను పరమధర్మముగా నమ్మిన ఇంటిలో తోలు సోఫా ఉండవచ్చునా అని అడిగినచో, ఉండరాదని చిన్నపిల్లవాడైనను చెప్పును. కాని ఇదివరకే ఉన్నదానిని ఏమి చేయవలెను, దానిని ఎట్లు శుభ్రపరచవలెను అను ప్రశ్న అంత సులభమైనది కాదు. కొట్టును సామానుతో సహా కొన్నవారికి, వియ్యాలవారు గృహప్రవేశమునకు బహుమానముగా పంపగా కాదనలేకపోయినవారికి, రెక్సిననుకొని కొని తరువాత నిజము తెలిసికొన్నవారికి ఈ చిక్కు వచ్చుచునే యున్నది.

హింస మూడు విధములుగా అంటునని శాస్త్రము చెప్పును: తాను చేయుట, ఇతరులచే చేయించుట, చేసినదానిని మెచ్చుట. తత్త్వార్థసూత్రము హింసను నిర్వచించుచు ఏమరుపాటునే దానికి మూలముగా చూపినది. తోలు సామాను విషయములో ఈ రెండు మాటలను జ్ఞాపకముంచుకొనిన చాలావరకు దారి దొరకును.

“పశువును మాంసము కొరకు చంపిరి, తోలు ఎటులనో మిగిలినది, దానిని వాడినంత మాత్రమున పాపమేమి?” అని కొందరందురు. ఈ మాట వర్తకుని నోట రాదగినది కాదు. గానుగ నడుపువాడు తెలకపిండి వెల లెక్కింపక నూనె ధర కట్టునా? మిల్లుదారు తవుడును ఊరక పారవేయునా? వెల పలుకు ప్రతి మిగులును అసలు సరకుకు ఆసరా యగును. చర్మమునకు వచ్చు డబ్బు కూడ కబేళా లెక్కలలో జమ పడుచున్నది. శ్రావకులకు నిషేధించిన పదునైదు కర్మాదానములలో దంతవాణిజ్యమొకటి. పేరు దంతమే యైనను, చర్మము, ఎముకలు మున్నగు పశువుల అంగముల వ్యాపారమంతయు అందులో చేరునని పెద్దలు వివరించిరి.

గాంధీజీ సబర్మతీ ఆశ్రమములో చర్మాలయము పెట్టి, తమంతట చచ్చిన పశువుల తోళ్ళనే వాడించిరి. ఆ భేదము గొప్పది. కాని అంగడిలోని సోఫాను చూచి, ఆ పశువు ఎట్లు చచ్చినదో చెప్పగలవారు లేరు. అదియునుగాక, తోలును ఊనుటలో వేరొక హింస కలదు. పూర్వము దక్షిణదేశమున తంగేడు పట్టతోను కరక్కాయతోను ఊనెడివారు. నేడు ఎక్కువ తోలును క్రోమియం లవణములతో ఊనుచున్నారు. ఉత్తర ఆర్కాడు ప్రాంతపు తోళ్ళ కార్ఖానాల మురికినీరు పాలారు నదిని, బావులను, పొలములను పాడుచేసిన సంగతిపై 1996లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పవలసి వచ్చినది. కనుక క్రొత్తగా కొనుట యను ప్రశ్నయే లేదు.

ఇక ఉన్నదాని మాట. అమ్మినచో చర్మపు వెల ఖాతాలో చేరును. పారవేసినచో దాని స్థానమున మరియొకటి కొనవలెను. దాని కలప, దూది, పాలిషు అన్నింటిలోను ఆరంభహింస కలదు. కొయ్యకు మెరుగు పెట్టు లక్క కూడ పురుగుల నుండి వచ్చినదే. తోలుదానినే క్రొత్తగా కొనబోవుచున్న వ్యక్తికి ఉచితముగా ఇచ్చిన, ఒక క్రొత్త తోలు కొనుగోలైనను తప్పును. అట్టివారు లేనప్పుడు, ఉన్నదానిని పూర్తిగా అరిగిపోవువరకు వాడుట దోషము కాదు. కాని వచ్చినవారికి “ఇది అసలు తోలు” అని గర్వముగా చూపిన క్షణమున అనుమోదన అంటుకొనును.

ఇచట సంరక్షణలోని చిక్కు వచ్చును. తోలు మెత్తబడుటకని డబ్బాలలో అమ్ము లేపనములు అనేకము. వానిలో నీట్స్‌ఫుట్ ఆయిల్ పశువుల కాళ్ళ ఎముకల నుండి తీసినది. మింక్ ఆయిల్ మింక్ అను జంతువు కొవ్వు. లానోలిన్ గొఱ్ఱె ఉన్ని జిడ్డు. తేనెమైనము తేనెటీగల సొత్తు. జీను సబ్బులో పశువుల కొవ్వు చేరుట కలదు. జరిగిపోయిన హింసను కాపాడుటకు క్రొత్త హింసను డబ్బు పెట్టి కొన్నట్లగును. మొదటిది తెలియక వచ్చినదనవచ్చును. రెండవది మాత్రము చేయించినదే.

అదృష్టవశమున వీని అవసరము చాలావరకు లేదు. కనబడని మూల ఒక నీటిచుక్క వేసి చూడవలెను. చుక్క పైననే నిలిచిన, ఆ తోలుకు రంగు పూత కలదని అర్థము. ఇండ్లలోని సోఫాలలో ఎక్కువ ఇట్టివే. పూతపై రాచిన నూనె లోనికి అంతగా దిగదు. వడగట్టిన నీటిలో గట్టిగా పిండిన మెత్తని నూలుగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తిన చాలును. మరకకు కొలదిగా మెత్తని సబ్బునీరు వాడవచ్చును. ఆ సబ్బులోను కొవ్వు లేకుండ చూచుకొనవలెను. స్పిరిటు, అమ్మోనియా, బ్లీచింగు తగవు. చుక్క లోనికి ఇంకి నల్లబడినచో అది పూత లేని తోలు. దానికి పొడిగుడ్డయే మంచిది.

తుడుచుటకు ముందు ప్రతిలేఖనము ముఖ్యము. దిండ్ల సందులలో చీమలు, చిన్న పురుగులు చేరును. చూడక వాక్యూం క్లీనరు పెట్టుటయే ఏమరుపాటు. మెత్తని కుంచెతో నెమ్మదిగా వానిని తొలగించి, పిమ్మట శుభ్రపరచవలెను. యానాం, బరంపురం వంటి సముద్రతీరపు ఊళ్ళలో వానకాలమున తోలుకు బూజు పట్టును. బూజు అనంతకాయము, పట్టిన తరువాత తుడుచుటకంటె పట్టకుండ చూచుటయే ధర్మము. గోడకు జానెడు దూరముగా జరిపి, గాలి ఆడనిచ్చి, తడి నిలువనీయరాదు. బళ్ళారి, షోలాపూరు వంటి పొడి ప్రాంతములలో ఎండ తగిలి తోలు పగులును. కిటికీకి దూరముగా ఉంచవలెను. తలనూనె, చెమట తోలును చెరచును గనుక, దానిపై నూలు దుప్పటి పరచుట మేలు. దుప్పటి కప్పినంత మాత్రమున దోషము మాయము కాదు. కాని చూపు దానిపై పడక, పిల్లలకు దానియందు మోజు కలుగదు.

తోలు చినిగిన నాడు మరల తోలు వేయింపక, చట్రమును నిలుపుకొని నూలుబట్ట వేయింపవలెను. రెక్సినును కోరువారు కూడ ఒకటి అడుగవలెను. తోలు ముక్కలను పొడిచేసి, జిగురుతో అతికించి, బట్టపై పరచిన సరకు బాండెడ్ లెదరను పేర వచ్చుచున్నది. చూపునకు అది రెక్సినువలె ఉండును. కొనువాడు అడుగనిదే దాచి అమ్ము వర్తకుడు సత్యవ్రతమునకును హాని చేసినవాడగును. సామాను అమ్ము శ్రావకుడు, అడుగకున్నను, అందులో ఏమి కలదో ముందుగా చెప్పి అమ్మవలెను.