నీకూ నాకూ మధ్య

ఇంగ్లీషులో 'ఐ' ఎక్కడున్నా పెద్దక్షరమే. వాక్యానికి కర్త కదా, ఆ మాత్రం దర్జా ఉండొద్దూ! కానీ 'టు', 'ఫర్', 'బిట్వీన్' వంటి మాటల వెనక నిలబడితే చాలు, ఒదిగి 'మి' అయిపోతుంది. 'యూ' మాత్రం కర్తయినా కర్మయినా చెక్కుచెదరదు. అందుకే 'బిట్వీన్ యూ అండ్ ఐ' తప్పు, 'బిట్వీన్ యూ అండ్ మి' ఒప్పు.

"ఇదేం న్యాయమండీ, ఎప్పుడూ ఒదిగేది నేనేనా?" అంటారేమో. నాకూ ఆ సందేహం వచ్చింది. అయితే ఆ మాటే ఆయన పలికితే 'ఐ' ఆయనే, ఒదగాల్సిందీ ఆయనే. ఈ సూత్రానికి ఆడా మగా తేడా లేదు.

మన తెలుగు ఇంకా నయం. 'నువ్వు', 'నేను' రెండింటినీ ఒకేసారి వంచి 'నీకూ నాకూ మధ్య' అంటుంది. ఒక్కరే వంగుతూ పోతే దాన్ని సర్దుబాటు అనరు, లొంగుబాటంటారు.