చలికాలపు వేడినీళ్లు, అద్దె ఇంటి మీటరు

 

డిసెంబర్, జనవరి నెలల్లో ఫజ్ర్ అజాన్ వినిపించే వేళకు నేరేడుచర్ల చుట్టూ ఉన్న సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు పొలాల మీద మంచు పరుచుకుని ఉంటుంది. ఆ వేళ డాబా మీది ట్యాంకు నీళ్లతో వుజూ చేస్తే వేళ్లు కొంకర్లు పోతాయి. పెరడు ఉన్న ఇళ్లలో ఒకప్పుడు ఇది పెద్ద సమస్య కాదు. మనది రైసుమిల్లుల ప్రాంతం. మిల్లు నుంచి ఊక తెచ్చి, ఊక పొయ్యి కూరి, దాని మీద కాగు పెడితే ఇంటిల్లిపాదికీ నీళ్లు కాగేవి. అద్దె ఇంట్లో, అందులోనూ మేడ మీది పోర్షన్‌లో ఆ పొయ్యికి చోటెక్కడ? ఇక గీజరో, బకెట్‌లో వేసే హీటరు రాడ్డో దిక్కు. చికాగోలోనో టొరంటోలోనో అద్దెకుంటున్న మన పిల్లలు చలికాలంలో ఇల్లంతా వెచ్చబెట్టుకోవాలి. అల్లాహ్ దయవల్ల మనకు ఒక బకెట్ వెచ్చబడితే చాలు. కానీ ఆ బకెట్ దగ్గరే మన నిజాయితీకి పరీక్ష ఎదురవుతోంది.

ముందుగా లెక్క చూద్దాం. ఇరవై లీటర్ల బకెట్ నీళ్లను ఇరవై డిగ్రీలు వేడెక్కించడానికి సుమారు అర యూనిట్ కరెంటు కావాలి. 1500 వాట్ల రాడ్డు ఇరవై నిమిషాలు వేసినా ఖర్చయ్యేది అంతే. ఐదుగురున్న ఇంట్లో మనిషికొక బకెట్ చొప్పున రోజుకు రెండున్నర యూనిట్లు, నెలకు 75. గీజరు స్విచ్ వేసి మరచిపోయే అలవాటుంటే ఇంకా ఎక్కువ.

తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి పథకం కింద, తెల్ల రేషన్ కార్డు ఉండి నెలకు 200 యూనిట్లు దాటని ఇళ్లకు సున్నా బిల్లు ఇవ్వడం మొదలైంది. అద్దెకున్నవారికీ అందులో అవకాశం కల్పించారు. అయితే వాడకం 201కి చేరిందంటే ఆ ఒక్క యూనిట్‌కు మాత్రమే డబ్బు కడితే సరిపోదు, ఆ నెల బిల్లు మొత్తం మీద పడుతుంది. 2022లో ఖరారైన రేట్ల ప్రకారం చూస్తే, 200 దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లకే యూనిట్‌కు 5 రూపాయల 10 పైసల చొప్పున 1020 రూపాయలు అవుతాయి. ఇతర చార్జీలు దీనికి అదనం.

ఇప్పుడు ఒక ఇల్లు ఊహించుకోండి. కింద యజమాని, పైన అద్దెదారు. మీటరు ఒక్కటే. పైనవారు జాగ్రత్తగా వాడుకుంటారు. కిందివారి గీజరు తెల్లవార్లూ వెలుగుతూనే ఉంటుంది. లేదా దీనికి పూర్తిగా తిరకాసు. ఎవరు దాటించినా నష్టం మాత్రం ఇద్దరిదీ. ఇతరులకు హాని తలపెట్టరాదు, హానికి బదులుగా హాని చేయరాదు అన్న దైవప్రవక్త (స) బోధ వ్యాపారులకే పరిమితం కాదు, స్నానాల గదిలోని స్విచ్‌కు కూడా వర్తిస్తుంది.

ఇంకో మాట ఉంది. చెప్పడానికి మొహమాటంగా ఉన్నా చెప్పక తప్పదు. మీటరు సున్నా బిల్లు చూపించిన నెలలో కూడా సబ్‌మీటరు లెక్క చెప్పి అద్దెదారు దగ్గర యూనిట్‌కు ఇంత అని వసూలు చేసేవారు మనలో లేరా? తాను కట్టని డబ్బును ఇంకొకరి దగ్గర తీసుకోవడానికి ఏ పేరు పెడతారు? కొలతల్లో మోసం చేసేవారిని హెచ్చరిస్తూ ఒక సూరానే అవతరించింది (83వ సూరా). హజ్రత్ షుఐబ్ (అలైహిస్సలాం) జాతి నాశనానికి ఒక కారణం తూకాల్లో చేసిన ద్రోహమే. ఈనాటి తూకం రాయి గోడకు బిగించిన మీటరు. అలాగే అద్దెదారులు కూడా తమను తాము ప్రశ్నించుకోవాలి. మెట్ల కింద అందరి ఖర్చుతో నడిచే సాకెట్ ఉంటుంది. 'ఎవరు చూస్తారులే' అని తెల్లవారుజామున రాడ్డు అందులో గుచ్చడం, వీధి తీగకు కొక్కెం తగిలించడం పొదుపు కాదు, ఖియానత్. ఆ నీళ్లతో గుస్ల్ చేసి ముసల్లా మీద ఏ ముఖంతో నిలబడతాం?

మరి ధర్మసమ్మతమైన పొదుపు ఎలా? మొదటిది, నీళ్లు తగ్గించడం. దైవప్రవక్త (స) ఒక ముద్ నీటితో వుజూ, ఒక సా నుంచి ఐదు ముద్‌ల వరకు నీటితో గుస్ల్ చేసేవారని బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. మన కొలతలో వుజూకు లీటరు మించదు, స్నానానికి ఐదు లీటర్లు మించవు. అంత తక్కువ నీళ్లు తనకు సరిపోవని ఒకతను అన్నప్పుడు, నీకంటే ఎక్కువ జుట్టున్న, నీకంటే ఉత్తములైన వారికి అవి సరిపోయాయని హజ్రత్ జాబిర్ (రజి) మందలించారు. మనం ఐదు లీటర్లతో సరిపెట్టుకోలేకపోయినా ఇరవై లీటర్లను పదికి తగ్గించగలం కదా! నెలకు 75 యూనిట్లు కాస్తా ముప్పై ఏడున్నర అవుతాయి.

రెండోది, చల్లారిన నీళ్లను కాచకపోవడం. బోరు నీళ్లు భూగర్భం నుంచి వస్తాయి కాబట్టి తెల్లవారుజామున కూడా గోరువెచ్చగానే ఉంటాయి. రాత్రంతా డాబా మీద చలికి నానిన ట్యాంకు నీళ్లే జివ్వుమంటాయి. యజమానితో మాట్లాడి మోటారు వేసే వేళను ఫజ్ర్‌కు కాస్త ముందుకు మార్చుకుంటే, నేరుగా పట్టుకున్న బకెట్‌కు రాడ్డు కొద్ది నిమిషాలు చాలు, ఒక్కోసారి అక్కర్లేదు కూడా. కుదరకపోతే మధ్యాహ్నం ఎండకు వెచ్చబడిన ట్యాంకు నీళ్లు సాయంత్రమే పట్టి, మూతపెట్టి గదిలో ఉంచండి. ఎండలో కాగిన నీళ్లు వాడితే బొల్లి వస్తుందని పెద్దలు కొందరు భయపెడతారు. ఆ పేరుతో చెప్పే ఉల్లేఖనాన్ని హదీసు వేత్తలు ప్రామాణికంగా స్వీకరించలేదు.

చన్నీళ్లు భరిస్తేనే పుణ్యమని అనుకునేవారూ ఉన్నారు. కష్టమైన స్థితిలో కూడా వుజూ పరిపూర్ణంగా చేయడం పాపాలను తుడిచేస్తుందని ప్రవక్త (స) శుభవార్త ఇచ్చిన మాట నిజమే. కానీ వేడినీళ్లు అందుబాటులో ఉండగా కష్టాన్ని వెతుక్కోమని దానికి అర్థం కాదు. హజ్రత్ ఉమర్ (రజి) కోసం పాత్రలో నీళ్లు కాచేవారు, ఆయన వాటితో గుస్ల్ చేసేవారు. ఖలీఫా ఉమర్ (రజి) కంటే మనం గట్టివాళ్లమా? హిజ్రీ 8లో జాతుస్సలాసిల్ దండయాత్రలో ఒక గడ్డకట్టే రాత్రి హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి)కు గుస్ల్ విధి అయింది. చన్నీళ్లతో ప్రాణం పోతుందని భయపడి తయమ్ముమ్ చేసి సహచరులకు నమాజు చేయించారు. తిరిగి వచ్చాక ప్రవక్త (స) అడిగితే, మిమ్మల్ని మీరు చంపుకోవద్దన్న దైవాజ్ఞను (4:29) గుర్తుచేశారు. ప్రవక్త (స) నవ్వారు, తప్పుపట్టలేదు. అయితే నీళ్లు కాచుకునే వీలున్నవాడు కరెంటు ఖర్చుకు జంకి తయమ్ముమ్ చేయడానికి ఇది ఆధారం కాదు. జబ్బుపడినవారు తమ పరిస్థితిని ఆలిములకు చెప్పి అడగాలి.

ఖర్చు తగ్గించబోయి ప్రాణం మీదికి తెచ్చుకోవడం మరీ ఘోరం. ముసలివాళ్లకు వెచ్చగా ఉంటుందని బొగ్గుల కుంపటి గదిలో పెట్టి తలుపులు బిగించి పడుకుంటారు. ఆ బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు మనుషులతో సహా కాలిపోయినప్పుడు ప్రవక్త (స) నిప్పు మీ శత్రువని చెప్పి, పడుకునే ముందు ఆర్పేయమన్నారు. ఆ హదీసు బుఖారీలో ఉంది. రాడ్డు సంగతీ అంతే. ఇనుప బకెట్‌లో వేయకండి. ప్లగ్ ఊడదీయకుండా నీళ్లు వేడెక్కాయో లేదో వేలు పెట్టి చూడకండి. ఇల్లు అద్దెకిచ్చేవారు ఎర్తింగ్ సరిగా ఉందో లేదో చూపించుకోవాలి, అది అద్దెదారు నెత్తిన వేసే ఖర్చు కాదు.

ఇక యజమాని, అద్దెదారు మధ్య లెక్క సంగతి. దివ్యఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన వాక్యం (2:282) అప్పు లావాదేవీలను రాసుకోమని చెప్పేదే. రీడింగ్ తీసేందుకు మనిషి వచ్చిన రోజున ఇద్దరూ కలిసి మీటరు దగ్గర నిలబడండి. పెద్ద మీటరు అంకె, సబ్‌మీటరు అంకె, వచ్చిన బిల్లు ఒక పుస్తకంలో రాసి చెరొక సంతకం పెట్టండి. నెల మధ్యలో ఒకసారి మళ్లీ చూసి, వంద దాటితే ఒకరికొకరు చెప్పుకోండి. ఆ రోజు నుంచి ఎవరి రాడ్డు ఎంతసేపు వేయాలో అక్కడే మాట్లాడుకోవచ్చు. ఇంట్లో ముసలివాళ్లు, పసిపిల్లలు ఉన్న పోర్షన్‌కు నాలుగు యూనిట్లు ఎక్కువ వదిలేయడానికి కూడా అదే సమయం.