వేరుగా ఉండడం, విడిగా ఉండలేకపోవడం

కోటగిరిలో రైస్‌మిల్లు, బోధన్‌లో అమ్మకాల దుకాణం, నిజామాబాద్‌లో లెక్కల ఆఫీసు ఉన్న ఒక వ్యాపారాన్ని ఊహించుకుందాం. మూడు చోట్లా కంప్యూటర్లను కలిపే నెట్‌వర్క్ స్విచ్‌లు ఉంటాయి. మూడింటినీ కలుపుతూ అద్దెకు తీసుకున్న గాజు ఫైబర్ లైను ఒకటే ఉంటుంది. ధాన్యం లారీల తూకాలు, కూలీల జీతాలు, సీసీ కెమెరాల దృశ్యాలు అన్నీ ఆ ఒక్క లైను మీదే నడుస్తాయి. అయినా మిల్లులో తూకం రాసే కంప్యూటరుకు, పక్క బల్ల మీది జీతాల కంప్యూటరు ఉన్నట్టే తెలియదు. ఆ జీతాల కంప్యూటరుకేమో నిజామాబాద్‌లోని లెక్కల కంప్యూటరు ఒకే గదిలో ఉన్నంత దగ్గర. ఇలా పక్కవాటిని వేరుచేసి దూరపువాటిని కలిపే ఏర్పాటు పేరు వర్చువల్ లోకల్ ఏరియా నెట్‌వర్క్, వాడుకలో వీలాన్. మన దర్శనాలు శతాబ్దాలుగా వాదించుకున్న ప్రశ్న ఇక్కడ మళ్లీ లేస్తుంది. ఆధారం ఒక్కటే అయినప్పుడు దాని మీద కనిపించే భేదం నిజమా, భ్రమా? భేదం నిజమే గాని దానికి సొంత కాళ్లు లేవని నేను అంటాను. ఈ రెండు మాటల్లో ఏది మరిచినా తర్కంలోనే కాదు, బతుకులోనూ తప్పటడుగు పడుతుంది.

ముందు పనితీరు చూడాలి. తొలినాళ్లలో ఒక స్విచ్‌కు తగిలించిన యంత్రాలన్నీ ఒకే గుంపు. ఫలానా చిరునామా ఎవరిదని ఒక యంత్రం అడిగితే ఆ ప్రశ్న అన్నింటికీ చేరేది. వేరు చేయాలంటే వేరే స్విచ్, వేరే తీగ కొనాల్సిందే. 1980లలో బెల్‌కోర్ సంస్థలో డేవిడ్ సింకోస్కీ మొదలుపెట్టిన ఆలోచన పెరిగి, 1998లో ఐఈఈఈ 802.1క్యూ అనే ప్రమాణంగా స్థిరపడింది. దాని ప్రకారం స్విచ్‌ల మధ్య ప్రయాణించే ఫ్రేమ్‌కు, అంటే సమాచారపు పొట్లానికి, నాలుగు బైట్ల ట్యాగ్ తగులుతుంది. అందులో 12 బిట్లు వీలాన్ సంఖ్యవి. మొత్తం 4,096 సంఖ్యల్లో రెండింటిని పక్కన పెడితే 4,094 గుంపులు ఒకే తీగ మీద ఉండవచ్చు. చివరి కంప్యూటరుకు అందించేముందు స్విచ్ ఆ ట్యాగ్‌ను తీసేస్తుంది కాబట్టి, తాను ఏ గుంపుదో మామూలుగా ఆ కంప్యూటరుకే తెలియదు. ఒక గుంపు నుంచి మరో గుంపుకు మాట వెళ్లాలంటే రౌటర్ గుండా, అక్కడ రాసిపెట్టిన నియమాలకు లోబడి వెళ్లాలి. భేదమంతా గుర్తులోనూ, ఆ గుర్తును పాటించే నియమంలోనూ ఉంది. తీగలోని గాజుకు ఆ సంగతే పట్టదు.

దీన్ని శంకరుల అద్వైతంతో తూచవచ్చు. కుండలోని ఆకాశం బయటి ఆకాశం కంటే వేరుగా తోచినా వేరు కాదు. ఉపాధి వల్ల, అంటే కుండలా హద్దు గీసేదాని వల్ల, భేదం తోస్తుంది, జ్ఞానం కలిగితే అది బాధితమవుతుంది, అంటే తొలగిపోతుంది. కానీ వీలాన్‌ను రూపొందించిన ఇంజనీరుకు తీగ ఒక్కటేనని అందరికంటే బాగా తెలుసు. ఆ తెలివి వల్ల అతని లాప్‌టాప్ ముందు గోడ కరిగిపోదు. చీకట్లో పాముగా తోచినది తాడని తెలిశాక ఆ పాము మాయమవుతుంది, ఇక్కడ తెలిశాక కూడా అడ్డు అడ్డుగానే నిలుస్తుంది. ఎండమావి అని తెలిశాక కూడా నీళ్లు కనిపిస్తూనే ఉంటాయి కదా అని అద్వైతి అనవచ్చు. కనిపిస్తాయి నిజమే గాని, ఆ నీళ్లతో ఎవరి దాహమూ తీరదు. ఈ అడ్డు మాత్రం జీతాల వివరాలు తూకం బల్లకు చేరకుండా రోజూ ఆపుతోంది. మధ్వాచార్యులు భేదాన్ని వస్తువు స్వరూపంలోనే చూశారు. ఇక్కడ ఆ మాటా పొసగదు, ఎందుకంటే సంఖ్య మారిస్తే అదే యంత్రం మరో గుంపులో చేరిపోతుంది. తెలుగు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టాడని సంప్రదాయం చెప్పే నింబార్కుడు భేదమూ అభేదమూ రెండూ స్వాభావికమన్నాడు. వీలాన్‌లో భేదం స్వాభావికం కాదు, పెట్టింది. ఈ స్థితికి సరిగ్గా అమరేది బ్రహ్మసూత్రాలకు భాష్యం రాసిన భాస్కరుడి మాట. ఉపాధి నిజం గనుక దాని వల్ల కలిగిన భేదమూ నిజమే, ఉపాధి ఉన్నంతకాలమే ఆ భేదమూ ఉంటుంది.

కేవలం ఒప్పందంతో పుట్టినదాన్ని నిజమనడం ఎలా అని ఎవరైనా ఆక్షేపించవచ్చు. జవాబుకు జిల్లాల సరిహద్దులు చూడాలి. 2016 అక్టోబరు 11న నిజామాబాద్ జిల్లాను విడదీసి కామారెడ్డిని కొత్త జిల్లా చేశారు. ఆనాడు మంజీర నది దారి మార్చుకోలేదు, పొలాల గట్లు కదలలేదు. అయినా బాన్సువాడ కామారెడ్డి జిల్లాకు పోయింది, కోటగిరి నిజామాబాద్‌లోనే నిలిచింది. శాసనసభ ఎన్నికల్లో మాత్రం కోటగిరి ఓటు బాన్సువాడ నియోజకవర్గానిదే. ఒక లెక్కలో వేరైన రెండు ఊళ్లు మరో లెక్కలో ఒకటే. ఏ కలెక్టరు దగ్గరికి అర్జీ పట్టుకుపోవాలో తేల్చే గీతను కాగితం గీత అని కొట్టిపారేసే రైతు ఉండడు. ఒకటి నిజమనడానికి గీటురాయి రాయీ గాజూ కాదు, అది మనుషుల నడకను మారుస్తుందా లేదా అన్నదే.

ఇక రెండో సగం: ఈ నిజం పరాధీనం. స్విచ్‌కు కరెంటు పోతే తూకం గుంపు, జీతాల గుంపు, కెమెరాల గుంపు ఒక్క క్షణంలో ఆగుతాయి. ఏ గుంపూ తన గోడ వెనక క్షేమంగా మిగలదు. ఈ ప్రాంతానికి ఈ పాఠం యంత్రాల కంటే ముందే, చాలా కఠినంగా అందింది. బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో స్థాపించిన నిజాం చక్కెర కర్మాగారం చుట్టూ చెరకు రైతు, కార్మికుడు, బండి తోలేవాడు, దుకాణదారు ఎవరి లెక్క వారిదిగా బతికారు. వారి ప్రయోజనాలు వేరు, ధర దగ్గర తగాదాలూ నిజమే. 2015 డిసెంబరులో ఆ కర్మాగారం మూతపడ్డప్పుడు దెబ్బ ఒక్క లెక్కకే తగిలి ఆగలేదు. భేదాలు అబద్ధమని అది చెప్పలేదు. అవన్నీ ఒకే ఆధారం మీద నిలిచి ఉన్నాయని చెప్పింది.

అన్నిటికంటే బరువైన ఆక్షేపణ మరొకటి ఉంది. భేదం నిజమని ఒప్పుకుంటే కులం గీసిన గీతలకూ ఒప్పుదల ఇచ్చినట్టు కాదా? కాదు, ఈ వాదం వాటికి ఎదురు నిలుస్తుంది. వీలాన్‌లో గుర్తు పనికి చెందుతుంది, యంత్రం ఒంటికి కాదు. పని మారితే గుర్తు మారుతుంది. గీత ఎందుకు గీశారని అడిగితే గీసినవాడు కారణం చెప్పాలి, చెప్పలేకపోతే చెరపాలి. అంటరానితనం ఈ మూడింటినీ తలకిందులు చేసింది. పెట్టిన గుర్తును పుట్టుకతో వచ్చిందంది, ఎన్నడూ మారనిదంది, కారణం అడగడమే తప్పంది. మనిషి పెట్టిన ఉపాధిని స్వరూపమని నమ్మించడమే అందులోని అసత్యం. దాని వల్ల పడ్డ బాధ మాత్రం పూర్తిగా సత్యం. కులం వట్టి భ్రమ, అందరిలో ఉన్నది ఒకే ఆత్మ అని చెప్పి ఊరుకునే వేదాంతం ఆ బాధను చూడకుండా దాటిపోతుంది. భేదం నిజంగా పనిచేస్తోందని ఒప్పుకున్నవాడే దాన్ని తొలగించే పనికి పూనుకుంటాడు.

తీగలను చూసి ఆత్మ గురించి తీర్పు చెప్పవచ్చా అని చివరగా అడగవచ్చు. చెప్పలేం, నేనూ చెప్పడం లేదు. ఒకే ఆధారం, నిజమైన భేదం రెండూ ఒకచోట ఇమడవన్న వాదన మాత్రం నిలవదని ఈ ఏర్పాటు చూపిస్తోంది. కళ్లముందే ఇముడుతున్నాయి కాబట్టి అసాధ్యమన్న మాట వదులుకోవాలి. అది ఒప్పుకున్నాక గీత గీసే ప్రతివారి మీదా, ఆఫీసులో గీసినా జిల్లాలో గీసినా సమాజంలో గీసినా, రెండు బాధ్యతలు పడతాయి. గీతకు కారణం చెప్పగలగాలి, గీతకు రెండు వైపులా ఉన్నవారిని మోసే ఆధారాన్ని ముందు కాపాడాలి. తన గుంపు క్షేమం కోసం ఉమ్మడి ఆధారాన్ని నిర్లక్ష్యం చేసేవాడు తన గుంపునే కూల్చుకుంటున్నాడు.