వాహనమునకు వారంటీ – జీవునకు అభయము

కఠోపనిషత్తు ఒక దానసన్నివేశముతో ఆరంభమగును. వాజశ్రవసుడు తన సర్వస్వమును ఇచ్చివేయవలసిన యాగమును చేయుచు, ముసలివై పాలుడిగిన ఆవులను ఋత్విక్కులకు ఒసగుచున్నాడు. పుణ్యము పూర్తిగా రావలెను. పోయెడి ధనము మాత్రము పనికిరానిదై యుండవలెను! బాలుడగు నచికేతుడు దీనిని చూచి కలత చెందెను. పిదప అతడు యమసదనమునకు పోయి ఆత్మవిద్యను అడిగినపుడు, యముడు రథములను, గజాశ్వములను, దీర్ఘాయువును చూపి ఆశపెట్టెను. నచికేతుడు వానిని ఆయనయొద్దనే యుంచుకొమ్మనెను. తరువాతి ఉపదేశమున యముడు ఈ శరీరమునే రథముగ నిరూపించెను.

పాత వస్తువును అంటగట్టు దాత, వాహనములు చూపి మనస్సును పరీక్షించు గురువు, తన రథమును తాను నడుపుకొనవలసిన జీవుడు — ఈ మువ్వురును మన కాలపు ఒక లౌకిక ప్రశ్నలో మరల కనబడుచున్నారు. ఒకరు వాడి విడిచిన ఖరీదైన కారును కొనునపుడు దానికి పొడిగించిన వారంటీని కూడ కొనవలెనా, వలదా అనునదే ఆ ప్రశ్న.

ఇట్టి పత్రికలో మోటారు కారుల ప్రసక్తి యేల యని కొందఱు శంకింపవచ్చును. గృహస్థుని ధనమనగా అతని ఆయువులో కరగిపోయిన భాగము. దానిని వెచ్చించునెడ పనికిరాని వివేకము జపమాల పట్టినపుడు మాత్రము ఎక్కడనుండి వచ్చును?

ఈ చిక్కు ఎట్లు పుట్టుచున్నదో చూడుడు. క్రొత్తగ కొన్నచో అర కోటికి మించు విదేశీ కారు, కొన్ని యేండ్లు తిరిగిన పిమ్మట సగము ధరకో, అంతకంటె తక్కువకో దొరకును. ఆ ధర చూచి మధ్యతరగతి గృహస్థునకు ఆశ కలుగును. అయితే తగ్గినది కారు ధరయే గాని దాని భాగముల ధర కాదు. గేరుబాక్సు చెడినను, ఏర్ సస్పెన్షను క్రుంగినను, ఎలక్ట్రానిక్ పరికరములు మూగవోయినను, మరమ్మతునకు అర కోటి కారునకు తగిన వెలయే చెల్లింపవలెను. బేరము కుదిరిన పిదప అమ్మకందారు రెండవ కాగితమును ముందుంచును. అంతవఱకు ఆ కారు ఎంత దృఢమైనదో వర్ణించిన నోరే, ఇప్పుడది ఎన్ని విధముల చెడిపోవచ్చునో వర్ణింప నారంభించును. మొదట మన ఆశతో మాటలాడినవాడు ఇపుడు మన భయముతో మాటలాడుచున్నాడు. బుద్ధితో ఇంకను ఎవరును మాటలాడలేదు.

శ్రీశంకర భగవత్పాదులు గీతాభాష్యమున యోగక్షేమ శబ్దమును వివరించుచు, లభింపనిదానిని పొందుట యోగమనియు, లభించినదానిని కాపాడుకొనుట క్షేమమనియు చెప్పిరి. కారును కొనుట యోగము. వారంటీని కొనుట క్షేమము. ఒకదాని వెంట రెండవది రాక తప్పదు. చేతికి వచ్చిన ప్రతి వస్తువును తనతో కూడ ఒక కాపలా పనిని తెచ్చును. శ్రేయస్సును ప్రేయస్సును మనుష్యుని ముందునకు వచ్చునపుడు మందబుద్ధి యగువాడు ఈ యోగక్షేమముల కొఱకే ప్రేయస్సును వరించునని యముడు నచికేతునకు బోధించెను.

అంతమాత్రమున వస్తువును కాపాడుకొనుట తప్పని శాస్త్రము చెప్పలేదు. క్రయవిక్రయములలోని పశ్చాత్తాపమును మన ధర్మశాస్త్రకారులు ఒక వ్యవహారపదముగనే పరిగణించిరి. యాజ్ఞవల్క్యస్మృతి కొన్న వస్తువును పరీక్షించుటకు గడువులను విధించినది: విత్తనములకు 10 దినములు, పాడి పశువునకు 3 దినములు, రత్నములకు 7 దినములు, బరువు మోయు పశువునకు 5 దినములు. కొనువాడు గుణదోషములను ముందుగ తానే పరీక్షింపవలెననియు, పరీక్షించి కొన్నదానిని త్రిప్పి ఇయ్యరాదనియు నారదస్మృతి చెప్పుచున్నది. ఋషుల క్రమము గమనింపదగినది. ముందు పరీక్ష, పిదప నమ్మకము. నేడు మనము పరీక్షను మాని, దాని స్థానమున కాగితమును కొనుచున్నాము. అమ్మువానితో సంబంధము లేని నిపుణునిచేత కారును పరీక్షింపజేసి, సర్వీసు వివరములను మొదటినుండి చదివి, ఇంజను జ్ఞాపకములో నిలిచియున్న దోషములను యంత్రముతో చదివింపవలెను. దీనికగు వ్యయము స్వల్పము.

ఇక ఆ కాగితమును గూర్చి. ప్రమాదమువలన కలిగిన నష్టమునకు బీమా. యంత్రము తనంత తాను చెడుటకు వారంటీ. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టముచే ఇతరులకు కలుగు నష్టమునకు బీమా తప్పనిసరి. కారు చేతులు మారినపుడు బీమా పత్రమున తగిన మార్పునకై క్రొత్త యజమాని 14 దినములలోపల దరఖాస్తు చేయవలెను. వారంటీ మాత్రము ఇచ్ఛానుసారము. దానిలో ఇచ్చెదమన్న మాటలు పెద్ద అక్షరములలోను, ఇయ్యమన్న మాటలు చిన్న అక్షరములలోను ఉండును. చదువవలసినవి చిన్న అక్షరములే. బ్రేకు ప్యాడులు, టైర్లు, వైపర్లు మున్నగు అరిగిపోవు వస్తువులు సాధారణముగ అందు చేరవు. ఇంజనులో నీరు చొచ్చిన నష్టమును చేరదు. కాలము తప్పక సర్వీసు చేయింపనిచో హామీయే రద్దు కావచ్చును. హామీ ఇచ్చునది కారు తయారుచేసిన సంస్థయా, మధ్యవర్తియా? ఒక్కొక్క మరమ్మతునకు పరిమితి యెంత? ముందే యున్న దోషమని త్రోసిపుచ్చు అవకాశము కలదా? పూర్వపు యజమాని తీసికొన్న వారంటీ మన పేరునకు మాఱునా? ఈ నాలుగింటికి వ్రాతపూర్వకమైన సమాధానము లేనిచోట సంతకము చేయరాదు.

ఇన్నియు తెలిసికొన్న పిదప గృహస్థుడు తన్ను తాను ఒక్క ప్రశ్న వేసికొనవలెను: ఒక పెద్ద మరమ్మతు వచ్చినచో అప్పు చేయక భరింపగలనా?

భరింపగలిగినవాడు వారంటీకి ఇయ్యవలసిన సొమ్మును బ్యాంకులో వేఱుగ నుంచుకొనవచ్చును. వారంటీ వెలలో మరమ్మతుల అంచనాతోపాటు అమ్మువాని ఖర్చులును లాభమును కలిసియుండును గదా! కారు చెడకున్నచో ఆ సొమ్ము వారంటీ కొన్నవానికి తిరిగి రాదు, దాచుకొన్నవానికి మిగులును. భరించుట కష్టమైనను వృత్తికై ఆ కారు నిజముగ అవసరమైనవాడు, షరతులు సరిగ నున్నచో, వారంటీని కొనుట ధర్మమే. అది పిఱికితనము కాదు. ఆశ్రితుల యెడల బాధ్యత. మూడవవాడు కలడు. ఒక్క మరమ్మతుతో పిల్లల చదువునకో, తల్లిదండ్రుల మందులకో ముప్పు వచ్చు స్థితిలో నుండియు ఆ కారును కోరుచున్నాడు. అతడు వారంటీని గూర్చి అడుగుచున్నాడు గాని, అడుగవలసినది కారును గూర్చి. కాగితము లేక నిద్రపట్టని వాహనము అతని శక్తికి మించినదని అతని మనస్సే చెప్పుచున్నది. ఆ మాటను వినుట మాని, దానిని ఊరడించు పత్రమును కొనుచున్నాడు.

అతనికి కావలసినది ప్రయాణమా, ప్రతిష్ఠయా? ప్రయాణమునకు చిన్న కారును చాలును. బంధువుల యింటి ముందు ఆగినపుడు నలుగురు చూడవలెనన్న కోరికకు మాత్రము ఏ కారును చాలదు. భోగములు రేపటివఱకు నిలుచునో లేదో తెలియనివనియు, ఇంద్రియముల తేజస్సును హరించుననియు నచికేతుడు గ్రహించెను. తాను కోరని రథమును కాపాడుకొనవలసిన బాధ అతనికి లేకపోయెను.

అమ్మువానికిని ఇందు పాఠము కలదు. 2015 డిసెంబరులో చెన్నపట్టణమును, 2020 అక్టోబరులో హైదరాబాదును వరదలు ముంచెత్తినపుడు ఎన్నో కార్లు నీటిపాలయ్యెను. అట్లు మునిగిన కారునకు మెఱుగు పెట్టి మునిగిన మాట దాచుటయు, తిరిగిన కిలోమీటర్ల లెక్కను వెనుకకు త్రిప్పుటయు, వాజశ్రవసుని గోదానముకంటె హీనమైన పనులు. అతడు ఆవుల ముసలితనమును దాచలేదు. దోషమును ముందుగ చెప్పి అమ్మువాని నోటిమాట ఏ వారంటీకిని తీసిపోదు.

తుదకు మన అసలు రథమును స్మరింతము. ఉపనిషత్తు ప్రకారము శరీరము రథము, ఇంద్రియములు గుఱ్ఱములు, మనస్సు కళ్లెము, బుద్ధి సారథి, ఆత్మ రథికుడు. ఈ రథమునకును మనము ఎన్నో హామీలను వెదకుచుందుము. వైద్యము చేయింపుడు, పథ్యము పాటింపుడు, అది మన విధి. కాని సహజమైన అరుగుదలను భరించు హామీని ఈ లోకమున ఏ సంస్థయు అమ్మజాలదు. రథము అరుగుటకే పుట్టినది. అది అరుగుచుండగనే గమ్యమును చేరుట సారథి నేర్పు. సారథి మత్తులో నున్నచో క్రొత్త రథమును గోతిలో పడును. మేల్కొనియున్నచో పాత రథమును ఇల్లు చేరును.

కావున సోదరులారా, వారంటీని కొనుడు, లేక మానుడు. లెక్క చూచి, శక్తి నెఱిగి, నెమ్మదిగ నిర్ణయింపుడు. కొన్నచో అది మరమ్మతుల ఖర్చును కొంతవఱకు మోయుననియే తలపుడు; భయమును మోయునని తలపకుడు. భయమును పోగొట్టునది ఆత్మజ్ఞానము, దానికి దారిచూపు భగవద్భక్తి మాత్రమే. పొందినదానిని కాపాడుకొనుటలో వివేకమును, పొందనిదానిని కోరకుండుటలో శాంతిని ఆ పరమేశ్వరుడు మనకందఱకు ప్రసాదించుగాక!