పసిబట్టకు వాసన వద్దు

పసిబిడ్డ బట్టలకు ఏ సబ్బుపొడి మంచిది? డబ్బా మీది పాపాయి బొమ్మ చూసి కొనకండి. వాసన లేనిది చూసి కొనండి. పసిచర్మం పాలమీది మీగడంత పలచన. మనకు హాయిగొలిపే ఆ పరిమళమే బిడ్డకు దురద, దద్దుర్లు తేవచ్చు.

పొడి కొంచెమే వేయండి. నురగ పోయేదాకా జాడించండి. మళ్లీ ఒకసారి జాడించండి. గుడ్డలో మిగిలిన సబ్బు కూడా బిడ్డ ఒంటికి పడదు. కొత్త చొక్కానైనా ఉతికాకే తొడగండి. ఎండలో ఆరేయండి.

వాసన వద్దన్నాను కదా. అందులో ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. అమ్మమ్మలూ, నానమ్మలూ, దాచిన పసిబట్టల మధ్య కలరా ఉండలు పెట్టకండి. వాటి ఆవిరి కొందరు పసివాళ్లలో ఎర్ర రక్తకణాలను నాశనం చేస్తుంది. పచ్చకామెర్లు ముదురుతాయి. ఇప్పటికే పెట్టి ఉంటే, ఈరోజే తీసేయండి.